వయసడిగి పలకరించే దేశం

వీపున సంచి, జేబులో లక్షల డాంగ్‌లు, నోట్లో రెండంటే రెండు మాటలు. వియత్నాంలో కొత్తగా దిగిన తెలుగు బ్యాక్‌ప్యాకర్‌కు మొదటి రోజులు ఏం నేర్పుతాయి?

హనోయ్ పాత బస్తీలో తెల్లారి ఐదున్నరకే కాలిబాట మీద ఎర్రవి, నీలంవి ప్లాస్టిక్ పీటలు పడతాయి. మన అంగన్‌వాడీ పిల్లల కుర్చీలంత ఎత్తు కూడా ఉండవు. టీ అమ్మే పెద్దావిడ గాజుగ్లాసులో ఐసు ముక్కలు వేసి, చిక్కటి పచ్చ టీ డికాక్షన్ కాస్త పోసి, నీళ్లు కలిపి చేతికిస్తుంది. దాని పేరు చా దా. చా అంటే టీ. దా అంటే రాయి, ఐసుకూ అదే మాట. మన లెక్కలో పాతిక రూపాయలు కూడా కాదు. రాత్రి విమానం దిగి, నిద్ర చాలక, భుజాల మీద సంచి వార్ల అచ్చులు ఇంకా పోకముందే ఆ పీట మీద కూలబడిన కొత్త మనిషిని ఆమె మొదట అడిగేది పేరు కాదు, ఊరు కాదు. వయసు. వేళ్లు చూపించో, ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టో అడుగుతుంది.

యూరప్ నుంచి వచ్చినవాళ్లు ఈ ప్రశ్నకు కొంచెం బిగుసుకుంటారు. తెలుగువాళ్లకు అంత కొత్త కాదు, పెళ్లి పందిట్లో పక్క కుర్చీలో పెద్దాయన అడిగే ప్రశ్నే. అయినా ఊరు కాని ఊళ్లో, భాష కాని భాషలో, టీ గ్లాసు చేతికిస్తూ వయసెందుకు అడుగుతున్నట్టు? జవాబు తెలియడానికి నాలుగైదు రోజులు పడుతుంది. ఆ సంగతికి మళ్లీ వద్దాం.

వియత్నాం తెలుగు పాఠకులకు చాలాకాలం ఒక యుద్ధం పేరు. ఇప్పుడది సెలవులకు వెళ్లే చోటు. 2019లో ఆ దేశానికి వెళ్లిన భారతీయులు లక్షా 70 వేల లోపే. 2024లో ఆ సంఖ్య ఐదు లక్షలు దాటింది. 2025లో హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు కూడా మొదలయ్యాయి. వెళ్లేవారిలో ఎక్కువమంది ప్యాకేజీలో వెళ్తారు: బస్సు హోటల్ గుమ్మంలోకే వస్తుంది, మధ్యాహ్నం పప్పన్నం దొరుకుతుంది, గైడు జెండా పట్టుకుని ముందు నడుస్తాడు. అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవారికి అదే మేలు. ఈ కథనం రెండో రకం వారి గురించి. రెండు మూడు వారాలకు సరిపడా బట్టలు ఒక్క సంచిలో కుక్కుకుని, మొదటి రెండు రాత్రులకు మాత్రమే మంచం బుక్ చేసుకుని, మిగతాది అక్కడికెళ్లి చూసుకుందామని బయలుదేరేవారి గురించి.

జేబులో లక్షలు

వీసా ఇంటి దగ్గరే అయిపోతుంది. 2023 ఆగస్టు 15 నుంచి వియత్నాం ఈ-వీసాను 90 రోజులకు పెంచింది, ఒకసారి ప్రవేశానికి రుసుము 25 డాలర్లు. పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు, అక్షరం తప్పు పోకుండా నింపడమే అందులో కష్టమైన పని. ఇంటిపేరు ముందా వెనకా అని మనవాళ్లు తికమకపడేది అక్కడే.

నోయ్ బాయ్ విమానాశ్రయం హనోయ్‌కి ఉత్తరాన, 30 కిలోమీటర్ల లోపు దూరంలో ఉంది. బయటికి రాగానే టాక్సీవాళ్లు చుట్టుముడతారు. వాళ్లను దాటి నాలుగడుగులు వేస్తే నారింజ రంగు 86 నంబరు బస్సు కనిపిస్తుంది. మన డబ్బులో వందన్నరకు అటూఇటూగా టికెట్టు, పాత బస్తీ మీదుగా రైల్వేస్టేషన్ దాకా వెళ్తుంది. ఎర్రనది మీది న్యాత్ తాన్ వంతెన రాత్రి దీపాల్లో దాటుతున్నప్పుడు మొదటిసారి వచ్చినవాళ్లందరూ కిటికీకి అతుక్కుపోతారు. ఎవరైనా సలహా అడిగితే, ఆ బస్సే ఎక్కమన్నది ఈ వ్యాసకర్త గట్టిగా చెప్పే మాట. ఊరి జనం మధ్య, ఊరి ధరకు, ఊళ్లోకి అడుగుపెట్టడం లాంటిది మరొకటి లేదు.

మొదటి గందరగోళం డబ్బుతోనే. రూపాయికి సుమారు 300 డాంగ్‌లు. పది వేల రూపాయలు మారిస్తే చేతికి 30 లక్షలొస్తాయి. పెద్ద నోటు ఐదు లక్షలది. పది వేల నుంచి పైన ఉన్న నోట్లన్నీ పాలిమర్‌వి, అన్నిటి మీదా హో చి మిన్ బొమ్మే. ఐదు లక్షల నోటూ నీలమే, ఇరవై వేల నోటూ నీలమే. మసక వెలుతురులో ఒకటనుకుని ఇంకొకటి ఇచ్చేసి, అరవై ఐదు రూపాయల చోట పదహారు వందలు పోగొట్టుకున్న కొత్తవాళ్లు ప్రతి హాస్టల్లోనూ ఒకరు కనిపిస్తారు. బజార్లో ధర చెప్పేటప్పుడు వేలు అనే మాట మింగేస్తారు. యాభై అన్నారంటే యాభై వేలని అర్థం. మూడు రోజుల్లో ఒక సులువు పట్టుబడుతుంది: మూడు సున్నాలు కొట్టేసి, మిగిలినదాన్ని మూడుతో హెచ్చవేసి, పైన కాస్త కలుపుకుంటే రూపాయలు వచ్చేస్తాయి. ఐదు లక్షల నోట్లను సంచి లోపలి జేబులో విడిగా పెట్టుకోవడం మరో సులువు.

హాస్టల్ గదిలో ఆరో ఎనిమిదో మంచాలు, ఒకదాని మీద ఒకటి. దిగగానే పాస్‌పోర్టు తీసుకుంటారు. అతిథి వివరాలు పోలీసులకు నమోదు చేయడం అక్కడ చట్టం, కంగారు పడాల్సిన పని లేదు.

ఇలాంటి చిల్లర వివరాలు రాసుకోవడం తెలుగువాళ్లకు పాత అలవాటే. ఏనుగుల వీరాస్వామి 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. పరివారంతో, పల్లకీతో చేసిన ప్రయాణమది. అయినా ప్రతి మజిలీలో ఆయన చూపు ఆగింది ఇలాంటి వాటి మీదే: ఊరికి ఊరికి దూరమెంత, దారి ఇసుకదా రాతిదా, సరుకులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర ఇప్పటికీ తాజాగా ఉందంటే కారణం ఆ చూపే. కొత్త దేశంలో మొదటి వారం మనిషికి కనిపించేది చరిత్ర కాదు, పూట గడిచే దారి.

నడు, ఆగకు

రెండో రోజు పొద్దున అసలు పరీక్ష. రోడ్డు దాటడం.

2023లో వియత్నాం జనాభా పది కోట్లు చేరింది. రిజిస్టరైన మోటార్‌సైకిళ్లు ఏడు కోట్లకు పైమాటే. హోన్ కియెమ్ సరస్సు ఒడ్డున నిలబడితే ఆ లెక్క కళ్లకు కడుతుంది. ఒక స్కూటరు మీద గుడ్ల అట్టలు మనిషి ఎత్తున, ఇంకోదాని మీద నిలువుటద్దం, మరోదాని మీద పూలతో ఉన్న చెట్టుకు చెట్టే. ఆ ప్రవాహానికి తెగిపోవడమనేది లేదు. సిగ్నల్ లేని చోట పది నిమిషాలు నిలబడినా ఖాళీ దొరకదు.

కోఠిలోనో బెజవాడ బీసెంట్ రోడ్డులోనో రోడ్డు దాటిన అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇక్కడ మొదట తప్పు చేస్తారు. మనం చెయ్యెత్తుతాం, సందు చూసి ఒక్క పరుగు తీస్తాం, మధ్యలో బండొస్తే వెనక్కి గెంతుతాం. హనోయ్‌లో ఆ మూడూ ప్రమాదమే. ఇక్కడి పద్ధతి వేరు. అడుగు వేయాలి, వేసిన వేగంతోనే నడవాలి, ఆగకూడదు, పరుగెత్తకూడదు, వెనకడుగు అసలే వేయకూడదు. ఎదుటి మోటార్‌సైకిల్ మనిషి మన తర్వాతి అడుగు ఎక్కడ పడుతుందో ముందే లెక్కగట్టుకుని, దాన్నిబట్టి పక్కకు తప్పుకుంటాడు. మనం ఆగితే ఆ లెక్క తప్పుతుంది. కార్లకూ బస్సులకూ మాత్రం ఈ సూత్రం వర్తించదు, వాటికి దారి వదలాల్సిందే.

గుండె గుప్పిట్లో పెట్టుకుని మొదటిసారి దాటినవాళ్లకు అవతలి గట్టున కలిగే ఆనందం నిజమైనది. బండ్లు ఇటొకటి అటొకటి, ఏటి మధ్య రాయిని నీళ్లు తప్పించుకున్నట్టు, మనిషిని ఒరుసుకోకుండా వెళ్లిపోతాయి. తమ ప్రాణాన్ని ఊరి మర్యాదకు అప్పగించి నడిచామని అప్పుడు తెలుస్తుంది. చాలామంది తర్వాత చెప్పుకునే కథల్లో హా లాంగ్ అఖాతం కంటే ముందు ఈ రోడ్డే వస్తుంది.

పాత బస్తీలో వీధుల పేర్లలో వృత్తులున్నాయి. హాంగ్ అంటే సరుకు. హాంగ్ బాక్ వెండి వీధి, హాంగ్ మా కాగితపు పూజాద్రవ్యాల వీధి. కంసాలి వీధి, కుమ్మరి వీధి పేర్లు విన్న చెవికి ఇది వెంటనే అర్థమవుతుంది. నగరం 1010లో థాంగ్ లాంగ్ పేరుతో రాజధాని అయింది. నడుమనున్న సరస్సు పేరుకు అర్థం తిరిగిచ్చిన ఖడ్గం. చైనా సేనల్ని తరిమిన లె లోయ్ రాజు తన కత్తిని అక్కడి తాబేలుకు తిరిగి అప్పగించాడని కథ. ఆ సరస్సులో నిజంగానే బతికిన మహా తాబేలు 2016 జనవరిలో చనిపోయినప్పుడు ఊరంతా దిగులు పడింది.

ఒడ్డు పక్క సందుల్లో గుడ్డు కాఫీ దొరుకుతుంది. 1946లో పాలకు కరువొచ్చినప్పుడు మెట్రోపోల్ హోటల్లో పనిచేసే జాంగ్ అనే ఆయన గుడ్డు పచ్చసొనను చక్కెరతో గిలక్కొట్టి, ఆ నురగను కాఫీ మీద వేశాడు. కరువులో పుట్టింది, కరువు తీరాకా నిలిచింది. మొహం ముడుచుకుని మొదటి చెంచా తీసుకున్నవాళ్లు గ్లాసు అడుగుదాకా వెళ్తారు. కాఫీ పండించడంలో బ్రెజిల్ తర్వాతి స్థానం వియత్నాందే. గ్లాసు మీద పెట్టిన చిన్న రేకు ఫిల్టర్ నుంచి బొట్టు బొట్టుగా డికాక్షన్ దిగుతుంటే, ఫిల్టర్ కాఫీ ఇళ్లలో పెరిగినవాళ్లకు ప్రాణం లేచొస్తుంది.

పౌర్ణమి నాటి భోజనం

తిండి దగ్గర తెలుగు యాత్రికులు రెండుగా చీలిపోతారు. మాంసాహారులకు పండగే: ఫ అనే నూడుల్స్ పులుసు, బొగ్గుల మీద కాల్చిన పంది మాంసంతో బున్ చా, ఫ్రెంచివారి రొట్టెను సొంతం చేసుకున్న బాన్ మీ. 2016 మేలో అమెరికా అధ్యక్షుడు ఒబామా హనోయ్‌లో ప్లాస్టిక్ పీట మీద కూర్చుని తిన్నది బున్ చానే. శాకాహారులకు మాత్రం మొదటి రోజు ఆకలి రోజు. పళ్లెంలో మాంసం లేకపోయినా ఊరబెట్టిన చేపల రసం ఉంటుంది. నుఆక్ మామ్ అంటారు దాన్ని. మన వంటలో ఉప్పు, చింతపండు కలిసి చేసే పని అక్కడ అదొక్కటే చేస్తుంది. వాసన సందు మొదట్లోనే పలకరిస్తుంది.

కాపాడే మాట ఒకటుంది: చయ్. అంటే శాకాహారం. బోర్డు మీద ఆ మాట ఉన్న హోటల్లో కళ్లు మూసుకుని తినొచ్చు. మన చాయ్‌కి దగ్గరగా వినిపిస్తుంది కాబట్టి ఒకసారి వింటే మరిచిపోరు. దాని వెనక ఉన్న ఆచారం ఇంకా ఆసక్తికరమైనది. బౌద్ధ ఇళ్లలో చాంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం ముట్టరు. ఆ రెండు రోజులూ చయ్ హోటళ్లు కిటకిటలాడతాయి. మామూలు బండ్లవాళ్లు కూడా టోఫు, పుట్టగొడుగుల వంటలు పెడతారు. ఉపవాసాలూ తిథులూ ఉన్న ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి ఫోన్‌లో తెలుగు క్యాలెండర్ తెరిచి, పౌర్ణమి ఎప్పుడో చూసుకుని, ఆ పూట ఎక్కడుండాలో ప్రయాణం సర్దుకోవచ్చు. ఇది ఏ గైడు పుస్తకంలో ఉన్నా లేకున్నా పనికొచ్చే చిట్కా.

ఇంకో ఆశ్చర్యం ఆకుకూర రూపంలో వస్తుంది. ప్రతి హోటల్లోనూ రావ్ మువాంగ్ అనే పచ్చటి కూర, వెల్లుల్లితో మంట మీద తిప్పి తెస్తారు. బోలు కాడ, కోసు ఆకు. ఎక్కడో చూసినట్టుంటుంది. మన చెరువుల్లో, కాలవ గట్ల మీద పెరిగే తూటికూరే అది. మన దగ్గర పెద్దగా ఎవరూ పట్టించుకోని ఆకు అక్కడ జాతీయ వంటకమంత పేరు సంపాదించింది. మధ్య, దక్షిణ ప్రాంతాలకు దిగితే బాన్ సేవ్ ఎదురవుతుంది: బియ్యప్పిండి, పసుపు కలిపి పెనం మీద పోసిన అట్టు. పిండి పడగానే వచ్చే సుయ్‌మనే చప్పుడే దాని పేరు. మడతలో రొయ్యలు, మొలకలు పెడతారు. చయ్ అంటే అవి తీసేసి పుట్టగొడుగులు పెడతారు.

నేను అనాలన్నా వరస కలవాలి

వియత్నామీ రాత రోమన్ లిపిలో ఉంటుంది. క్రైస్తవ మిషనరీల చేతుల్లో రూపుదిద్దుకున్న లిపి అది. అలెగ్జాండర్ ద రోడ్స్ నిఘంటువు 1651లో రోమ్‌లో అచ్చయింది. అక్షరాలు తెలిసినవే కదా, బోర్డులు చదివేయొచ్చని కొత్తవాళ్లకు ధీమా కలుగుతుంది. నోరు తెరిస్తే ఆ ధీమా పోతుంది. ఉత్తరాది యాసలో ఆరు స్వరాలున్నాయి. మ అనే ఒక్క అక్షరాన్ని ఆరు తీర్లుగా పలికితే దయ్యం, తల్లి, కానీ, సమాధి, గుర్రం, వరినారు అవుతుంది. దీర్ఘం పెట్టడమో ఒత్తడమో మనకు అలవాటు. గొంతును ఎక్కించి దించడం అలవాటు లేదు. అడ్రసు అడిగితే ఎదుటివాళ్లు అర్థం కాక నవ్వుతారు. ఆ నవ్వులో ఎగతాళి లేదని తెలియడానికి ఒక రోజు పడుతుంది.

పలకరింపు మాట చావ్. హాయిగా నవ్వుతూ ఎదుటి మనిషి ఆ మాట అంటే తెలుగు చెవి ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. నాలుగైదు సార్లు విన్నాక ఆ ఉలికిపాటు పోతుంది. ధన్యవాదానికి కామ్ అన్. లేదు అనడానికి ఖోంగ్. సున్నాకూ ఖోంగ్ అనే అంటారు.

ఇప్పుడు టీ బండి పెద్దావిడ ప్రశ్న దగ్గరికి వద్దాం. వియత్నామీ భాషలో మామూలు మాటల్లో వాడుకునే నువ్వు, మీరు దాదాపు లేవు. వరసలే ఉన్నాయి. తనకంటే కొంచెం పెద్ద మగవాడు ఆన్, మన అన్నకు శబ్దంలో కూడా దగ్గరే. పెద్ద అమ్మాయి చి, అక్క. చిన్నవాళ్లు ఎమ్. నాన్న తమ్ముడి వయసువాడు చూ, అంటే చిన్నాన్న. నాన్న చెల్లెలి వయసామె కో, మేనత్త. అమ్మానాన్నల కంటే పెద్దవాళ్లు బాక్, పెదనాన్న అయినా పెద్దమ్మ అయినా అదే. తాత ఓంగ్. అవ్వ బా. కూరగాయల బండి దగ్గర, బ్యాంకులో, బస్సులో ఇవే పిలుపులు. ఆటో అన్నను అన్నా అని, పూలమ్మే ఆమెను అక్కా అని పిలిచే జనానికి ఇది కొత్త కాదు.

కానీ వియత్నాం మనకంటే ఒక మెట్టు పైకి వెళ్లింది. మన దగ్గర ఎదుటి మనిషి ఎవరైనా నేను నేనే. అక్కడ నేను కూడా వరసే. అక్కతో మాట్లాడేటప్పుడు తనను తాను ఎమ్ అంటాడు, తమ్ముడి దగ్గర ఆన్ అంటాడు, అవ్వ దగ్గర చావు అంటాడు, అంటే మనవడు. తోయ్ అనే తటస్థమైన మాట ఉంది గానీ, పొడిగా, దూరం పెట్టినట్టు వినిపిస్తుంది. అందుకే వయసు తెలియకుండా నోట మాట రాదు. టీ అమ్మే ఆవిడ వయసడిగింది ఆరా కోసం కాదు. తను అవ్వ కావాలా, పెద్దమ్మ కావాలా తేల్చుకోవడానికి.

వయసు అంకెల్లో చెప్పకపోయినా ఫరవాలేదు, ఏ జంతువు ఏడో చెప్పినా చాలు. పన్నెండు జంతువులు, కాండాలనే పది పేర్లు కలిసి అరవై ఏళ్ల చక్రం తిరుగుతుంది. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లు మనకూ ఉన్నాయి. 1999 ఉగాది తర్వాత పుట్టిన తెలుగమ్మాయిది ప్రమాది నామ సంవత్సరం. చైనా లెక్కలో అది కుందేలు ఏడు. వియత్నాంలో కుందేలు లేదు, ఆ స్థానం పిల్లిది. షష్టిపూర్తి చేసుకునే దేశం నుంచి వచ్చిన మనిషికి ఆ చక్రం అర్థం కావడానికి దుబాసీ అక్కర్లేదు.

రాత్రి రైలు, పగటి శివుడు

హనోయ్ నుంచి దక్షిణానికి దిగడానికి రెండు దారులు. పడక బస్సు చవక. ఎక్కేముందు చెప్పులు విప్పాలి, వాటికో ప్లాస్టిక్ కవరు ఇస్తారు. మూడు వరసల్లో, రెండు అంతస్తుల్లో సన్నటి పడకలుంటాయి, పొడగరి కాళ్లు పట్టవు. రైలు కాస్త ఖరీదు, కానీ దాన్నే ఎంచుకోవాలి. హనోయ్ నుంచి హో చి మిన్ సిటీకి 1,726 కిలోమీటర్లు. ఫ్రెంచి పాలనలో వేసిన ఈ దారి 1936లో పూర్తయింది, యుద్ధాల్లో ముక్కలైంది, దేశం ఒకటయ్యాక 1976 చివర్లో మళ్లీ కలిసింది. ఇప్పటికీ మీటర్ గేజే. ఒకప్పటి గుంటూరు-మాచర్ల రైలు ఎక్కినవాళ్లకు ఆ ఊపు గుర్తొస్తుంది.

డా నాంగ్ 791 కిలోమీటర్లు, రాత్రంతా ప్రయాణించి మర్నాడు చేరతారు. హ్యూ నగరం దాటాక రైలు హై వాన్ కొండను చుట్టుకుంటూ సముద్రం అంచునే వెళ్తుంది. పైన కనుమ దారి 496 మీటర్ల ఎత్తున ఉంది. 2005లో సొరంగం తెరిచాక లారీలు అటు మళ్లాయి. చాలామంది కుర్రాళ్లు ఈ కనుమను అద్దె మోటార్‌సైకిల్ మీద ఎక్కాలని కలలు కంటారు. అక్కడ చెల్లే లైసెన్సు చేతిలో లేకుండా నడిపితే ప్రమాదంలో బీమా సొమ్ము రాదు. స్థానికుడు నడిపే బండి వెనక కూర్చుని వెళ్లొచ్చు. అలాంటి బండిని సే ఓమ్ అంటారు, కౌగిలి బండి అని అర్థం.

డా నాంగ్‌కు నైరుతిన, కొండల గిన్నెలో మీసన్ ఉంది. చంపా రాజ్యపు శివక్షేత్రం. నాలుగో శతాబ్దంలో భద్రవర్మ ఇక్కడ శివుణ్ణి భద్రేశ్వరుడిగా ప్రతిష్ఠించాడు. రాజు పేరుకు ఈశ్వర చేర్చి దేవుణ్ణి పిలవడం మనకు తెలిసిన ఆనవాయితీయే, సామర్లకోట భీమేశ్వరుణ్ణి చాళుక్య భీముడితో కలిపి చెప్పుకుంటాం. ఆ తర్వాత తొమ్మిది వందల ఏళ్ల పాటు అక్కడ గుళ్లు లేస్తూనే వచ్చాయి. శాసనాలు సంస్కృతంలోనూ, చంపా ప్రజల చమ్ భాషలోనూ ఉన్నాయి. ఈ ప్రాంతానికి చంపా కాలంలో అమరావతి అని పేరు. ఆ పేరు ఇంద్రుడి పట్టణానిది, అందుకే కృష్ణ ఒడ్డునా వినిపిస్తుంది, ఇక్కడా వినిపిస్తుంది. ఇంకో ముడి కూడా ఉంది. ఇదే ప్రాంతంలోని దోంగ్ జువాంగ్‌లో 1911లో దొరికిన కంచు బుద్ధుడిని కళాచరిత్రకారులు మన అమరావతి శైలితో పోల్చారు.

వారం రోజులు భాష తెలియక, తిండి దొరక్క, రోడ్డు దాటలేక తిరిగిన మనిషి ఆ కొండల మధ్య పొద్దున్నే నిలబడి, గడ్డిలో పానవట్టాన్ని చూస్తాడు. అడగకుండానే అదేమిటో తెలుస్తుంది. పక్కనున్న విదేశీయులకు గైడు ఐదు నిమిషాలు వివరించేది అతనికి చిన్నప్పుడే తెలుసు. ఆ క్షణంలో కలిగే పులకింతను దాచుకోనక్కర్లేదు. అయితే దాంతో ఆగిపోకూడదు కూడా. గర్భగుడి గోడలు మనవి కావు. సున్నం జాడ కనిపించకుండా ఇటుకను ఇటుకకు అతికించిన పనితనం చమ్ జనానిది. ఆ జనం వారసులు ఇప్పటికీ దక్షిణ తీరంలో ఉన్నారు, వారిలో శివుణ్ణి కొలిచేవారూ ఉన్నారు. మనదేనని ఎగిరిపడే కంటే, ఎక్కడి దేవుణ్ణో ఇంత అందంగా తమవాణ్ణి చేసుకున్న ఆ చేతులకు దండం పెట్టడం న్యాయం.

గుళ్ల మధ్య పెద్ద గుంతలున్నాయి. వానాకాలంలో నీళ్లు నిలిచి కుంటల్లా కనిపిస్తాయి. 1969లో అమెరికా బాంబులు చేసిన గుంతలవి. అన్నిటికంటే ఘనమైనదిగా పేరున్న ఏ1 గోపురం అప్పుడే నేలకూలింది. మీసన్‌కు యునెస్కో గుర్తింపు 1999లో వచ్చింది. 2017 నుంచి భారత పురావస్తు శాఖ అక్కడ మరమ్మతులు చేసింది. 2020 మేలో ఆ తవ్వకాల్లోనే తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా శివలింగం చెక్కుచెదరకుండా బయటపడింది.

ఆ గుంతలు చూశాక హో చి మిన్ సిటీలోని యుద్ధ అవశేషాల మ్యూజియంలోకి వేరే మనసుతో అడుగుపెడతారు. మనం వియత్నాం యుద్ధం అనేదాన్ని అక్కడ అమెరికా యుద్ధం అంటారు. ఏజెంట్ ఆరెంజ్ రసాయనం తరాల మీద చేసిన గాయాల ఫొటోలున్న గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడరు. బయటికొస్తే కొబ్బరిబొండాలమ్మే మనిషి, ట్యూషన్‌కు వెళ్లే పిల్లలు, మళ్లీ అదే మోటార్‌సైకిళ్ల ప్రవాహం. యుద్ధం ముగిసింది 1975 ఏప్రిల్ 30న. ఆ రోజును చూసిన మనిషి పక్క పీట మీదే కాఫీ తాగుతుండొచ్చు.

తిరుగు విమానం హనోయ్ నుంచే అయినవాళ్లకు చివరి పొద్దు ఒకటి మిగులుతుంది. సంచి తేలికైంది, లేదా బరువెక్కింది, మొత్తానికి వార్లు భుజాలకు అలవాటయ్యాయి. రోడ్డు దాటడానికి ఇప్పుడు ఆలోచించనక్కర్లేదు. టీ పెద్దావిడ అదే మూల, అవే పీటలు. రెండు వారాల కింద వేళ్ల మీద వయసు చెప్పిన అమ్మాయి ఈసారి ముందు తనే పిల్లి ఏడు అంటుంది, మియావ్ అని వినిపించి మరీ. తర్వాత దారంతా సాధన చేసిన వాక్యం: చావు చావ్ బా. మనవరాలు అవ్వకు నమస్కారం చెబుతోందని అర్థం. మొదటి మాట పైకి ఎక్కాలి, తర్వాతి రెండూ కిందికి దిగాలి. మొదటిసారి మూడూ ఒకేలా పడతాయి. పెద్దావిడ గరిటె పక్కన పెట్టి, గాలిలో చేత్తో ఎక్కించి దించి చూపిస్తుంది. అమ్మాయి ఆ చెయ్యినే చూస్తూ మళ్లీ అంటుంది. గ్లాసులో ఐసు పడుతుంది.